మీ నాయినను తోల్కరా

వైశాలి పుట్టి పెరిగింది తాండూరు ధాన్యం గంజ్ పక్క సందులో. తండ్రి రాధాకిషన్‌ది కందిపప్పు వ్యాపారం. తాత, తండ్రి, అన్న రూపేష్, అందరూ దుకాణంలో కూర్చున్నవాళ్ళే. ఆ ఇంట్లో సర్కారు నౌకరీ తెచ్చుకున్న మొదటి మనిషి ఆమె. లెక్కల టీచరుగా పోస్టింగు కాగితం వచ్చిన రోజు తల్లి వసంతమ్మ సందులో ప్రతి గడపకూ వెళ్ళి పేడాలు పంచింది.

బడి గోపన్‌గుంటలో. తాండూరు నుంచి షేర్ ఆటోలో నలభై నిమిషాలు. ఊరి చుట్టూ నాపరాయి గనులు. రాయి ఉన్నన్నాళ్ళూ తీసి, అయిపోయాక వదిలేసిన గోతుల్లో వానలకు నీళ్ళు నిలుస్తాయి. అంచులు కత్తితో కోసినట్టు నిలువుగా దిగుతాయి. పడినవాడు పట్టుకుందామంటే గడ్డిపరక కూడా ఉండదు. నీళ్ళు మాత్రం పచ్చగా, కదలకుండా, చూడ్డానికి అందంగా ఉంటాయి.

జూన్‌లో చేరిన మొదటి వారమే హెడ్మాస్టరు పరమేశ్ ఆమెను వరండాలోకి పిలిచి చెప్పాడు.

“మేడం, పిల్లలు అల్లరి చేసినా పర్వాలేదు, హోంవర్క్ ఎగ్గొట్టినా పర్వాలేదు. గా గోతుల దిక్కు మాత్రం పోనియ్యకుండ్రి. నేను ఈ బడికి వచ్చినంక ఇద్దరు పోయిండ్రు.”

ఆ రోజు ఇంటికి వస్తూ ఆటోలోంచి గోతుల వైపు చూడకుండా కళ్ళు తిప్పుకుంది వైశాలి. ఆ తర్వాత అది అలవాటైంది.

అయినా ఆ నాలుగు నెలలు ఆమె జీవితంలో మంచి రోజులు. పదో తరగతిలో ఇరవై ఆరుగురు. లెక్కలంటే ముఖం చాటేసే పిల్లల్ని ఎండలోకి తీసుకుపోయి, బడి మీది నీళ్ళ ట్యాంకు నీడను టేపుతో కొలిపించి, ట్యాంకు ఎత్తెంతో కాగితం మీద తేల్చి చూపించింది. పిల్లలు నోళ్ళు తెరిచారు. అందరికంటే ముందు జవాబు చెప్పింది రుచిత. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ మొదటి బెంచీలో కిటికీ పక్కన కూర్చునే పిల్ల. ఆమె తల్లి లక్ష్మమ్మకు ఊరవతల మూడెకరాల చేను ఉందనీ, రుచిత సెలవుల్లో పత్తి ఏరడానికి పోతుందనీ తప్ప ఆ ఇంటి గురించి వైశాలికి ఇంకేమీ తెలియదు. తెలుసుకోవాలని తోచలేదు కూడా. రాత్రి భోజనాల దగ్గర మాత్రం ఆ పిల్ల పేరే చెప్పేది. “మా రుచితకు లెక్కల్లో నూటికి నూరు రాకపోతే నా పేరు మార్చుకుంటా” అనేది.

అక్టోబరు చివర్లో పరీక్షలు వచ్చాయి. లెక్కల పరీక్ష రోజు వైశాలే కాపలా. పదిన్నర ప్రాంతంలో వెనక్కి తిరిగి చూసేసరికి రుచిత తన జవాబు కాగితాన్ని బెంచీ అంచు మీదికి జరిపి పెట్టింది. వెనక కూర్చున్న భవ్యశ్రీ దాన్ని చూసి రాసుకుంటోంది.

వేరే పిల్ల అయితే ఒక మాట అని ఊరుకునేదే. రుచిత కావడంతో వైశాలికి ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి కాగితం లాక్కుంది.

“భవ్యకు ఒక్క లెక్క వస్తలేదు మేడం…” అంటూ రుచిత లేచి నిలబడింది.

“నోరు ముయ్. నీ మీద నేను పెట్టుకున్న నమ్మకం గిదా? ఇంట్ల నీకు బుద్ధి చెప్పేటోళ్ళు ఎవరూ లేరా? పో, మీ నాయినను తోల్కరా. ఆయన వచ్చి నాతోని మాట్లాడేదాంక నా క్లాసుల అడుగు పెట్టకు.”

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. రుచిత ఏడవలేదు. పెన్నుకు మూత పెట్టి, బెంచీ మీద ఉంచి, బయటికి నడిచింది.

మధ్యాహ్నం హాజరు వేస్తున్నప్పుడు కిటికీ పక్క చోటు ఖాళీగా ఉంది. పుస్తకాల సంచి బెంచీ కిందే ఉంది. ఇంటికి పోయి ఉంటుందిలే, కోపం తగ్గాక వస్తుంది అనుకుంది వైశాలి. ఆ ఇల్లు బడికి మూడు సందుల దూరమే. ఒక పిల్లను పంపి కనుక్కోవచ్చు. పంపలేదు.

సాయంత్రం బడి వదిలిన కాసేపటికి లక్ష్మమ్మ గేటు దగ్గరికి వచ్చింది. పత్తి చేను నుంచి వచ్చి ఇంట్లో అడుగైనా పెట్టనట్టుంది, జుట్టులో దూది పీచు.

“మేడం, మా పిల్ల ఇంక రాలేదా? ఇల్లు వేసిన తాళం వేసినట్టే ఉన్నది.”

“పొద్దున ఇంటికి రాలేదా?” అనేసింది వైశాలి.

లక్ష్మమ్మ ముఖంలో రంగు మారింది. “పొద్దున ఎందుకొస్తది మేడం? పరీక్ష గద?”

వైశాలి జరిగింది చెప్పబోయింది. “పేపరు చూపిస్తున్నదని కోప్పడిన… మీ నాయినను తోల్కరమ్మన్న…”

“ఏ నాయినను?” అంది లక్ష్మమ్మ.

పక్కనే ఉన్న పరమేశ్ తల దించుకుని, వైశాలికి మాత్రమే వినబడేలా చెప్పాడు. రుచిత తండ్రి పాండురంగం ఊళ్ళో ఉండడు. చేను గట్టు కాడ తగాదాలో అన్నను కొట్టి, ఆ సిగ్గుతో ఊరు విడిచి రెండేళ్ళయింది. వికారాబాద్‌లో ఎక్కడో పని చేస్తున్నాడట. ఇంట్లో ఎవరూ ఆయన పేరెత్తరు.

అప్పటిదాకా గేటు పక్కన నక్కి నిలబడ్డ భవ్యశ్రీ ఒక్కసారిగా ఏడ్చేసింది. “మేడం, నీళ్ళకు బయటికి పోయినప్పుడు నేను చూసిన. గోతుల తొవ్వ పట్టి పోతుండె. పిలిస్తే పలకలే. మీరు తిడతరని చెప్పలే మేడం.”

వైశాలికి ఆ తర్వాతి రెండు గంటలు ముక్కలు ముక్కలుగానే గుర్తుంటాయి. పొలాల నుంచి వస్తున్న మగవాళ్ళు దారి మళ్ళించి గోతుల వైపు పరుగెత్తడం. తాళ్ళు, బావిలో పడ్డ బొక్కెన తీసే ఇనుప కొక్కేలు, పొడుగాటి వెదురు బొంగులు. బడి దారికి దగ్గరగా మూడు గోతులు ఉన్నాయి. నాలుగు నెలలుగా చూడకుండా తప్పించుకున్న ఆ పచ్చని నీళ్ళ ముందు ఇప్పుడు ఆమె నిలబడి ఉంది. రెప్ప వాల్చడానికి భయమేసింది.

మొదటి గోతిలో ఇద్దరు నడుముకు తాళ్ళు కట్టుకుని దిగారు. మునిగిన ప్రతిసారీ ఒడ్డున మాటలు ఆగిపోయేవి. తల పైకి లేచి, అడ్డంగా ఊగేది. రెండో గోతిలో కొక్కెం దేనికో తగులుకుంది. “ఆగుండ్రి, ఆగుండ్రి, బరువున్నది” అని అరిచాడొకడు. నలుగురు కలిసి లాగారు. వైశాలి కింద కూర్చుండిపోయింది. పైకొచ్చింది బురద నిండిన సిమెంటు సంచి.

లక్ష్మమ్మ ఏడవడం లేదు. చెత్తరాళ్ళ కుప్ప మీద కూర్చుని, నీళ్ళకేసి కాకుండా తన రెండు చేతులకేసి చూసుకుంటోంది. వైశాలి వెళ్ళి భుజం మీద చెయ్యి వేయబోతే ఆమె పక్కకు జరిగింది. తిట్టి ఉంటే బాగుండేది.

రాకేష్ అనే కుర్రవాడు ఇదంతా ఫోన్‌లో తీస్తున్నాడు. వైశాలి ముఖం కూడా తీశాడు. ఆమె అడ్డుచెప్పలేదు.

మూడో గోతికి పోతుండగా, పొద్దు గూకే వేళకు, పరమేశ్ ఫోను మోగింది. కొత్త నంబరు. ఎత్తి విన్నాడు. చెయ్యెత్తి అందరినీ ఆగమని, స్పీకర్ పెట్టాడు.

“సారూ, నేను పాండురంగాన్ని. వికారాబాద్‌ల ఫంక్షన్ హాల్ కాడ వాచ్‌మన్ చేస్తున్న. మా పిల్ల నా దగ్గరికి వచ్చింది. మేడం నన్ను తోల్కరమ్మన్నదట. ఏమైంది సారూ? పిల్ల ఏమన్న తప్పు చేసిందా?”

స్పీకర్‌లో ఆ గొంతు వింటూనే మగవాళ్ళు తాళ్ళు వదిలేశారు. పరమేశ్ ఫోను తెచ్చి లక్ష్మమ్మ చేతిలో పెట్టాడు. రెండేళ్ళుగా వినని గొంతు. “పిల్లకు ఏమన్న తినపెట్టు” అని ఆమె ఫోను తిరిగి ఇచ్చేసింది. అప్పుడు ఏడ్చింది.

తర్వాత తెలిసింది. రుచిత తాండూరు దాకా నడిచీ, ఎవరిదో ట్రాక్టరు ఎక్కీ వెళ్ళి, అక్కడ వికారాబాద్ బస్సెక్కింది. సర్కారు బస్సులో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం కనుక ఎవరూ డబ్బు అడగలేదు. ఎప్పుడో పండక్కి తల్లికి తెలియకుండా తండ్రి ఫోన్‌లో చెప్పిన ఫంక్షన్ హాలు పేరొక్కటే గుర్తు. ఆటోవాళ్ళను అడుక్కుంటూ, అనంతగిరి రోడ్డు మొదలు దాకా నడిచి తండ్రిని పట్టుకుంది.

మర్నాడు ఉదయం పాండురంగం కూతురి చెయ్యి పట్టుకుని బడి గేటులో నిలబడ్డాడు. ఇంటికి పోకుండా నేరుగా వచ్చాడు. ఇస్త్రీ లేని తెల్ల చొక్కా, వాచ్‌మన్ ప్యాంటు.

“పిలిచిండ్రట మేడం. వచ్చిన” అన్నాడు.

వైశాలికి రాత్రంతా నిద్ర లేదు. పిల్ల తప్పు చేసిందని చెప్పడానికి నోరు రాలేదు. తనదే తప్పని చెప్పడానికి ధైర్యం చాలలేదు. “మంచిగ చదువుతది… మీరు అప్పుడప్పుడు వచ్చి చూసుకోవాలె” అంది. ఆయన తల ఊపాడు. ఆ సాయంత్రం ఆయన ఇంట్లోకి వెళ్ళలేదనీ, అరుగు మీద కూర్చుని లక్ష్మమ్మ ఇచ్చిన చాయ్ తాగి బస్సుకు పోయాడనీ పరమేశ్ చెప్పాడు.

రాకేష్ తీసిన వీడియో అప్పటికే గ్రూపుల్లో తిరుగుతోంది. ‘టీచర్ వేధింపులకు విద్యార్థిని అదృశ్యం’ అని ఎవరో పైన రాశారు. వారం తిరక్కుండా వికారాబాద్‌లోని జిల్లా ఆఫీసు నుంచి మెమో వచ్చింది. విచారణ రోజున రాధాకిషన్ దుకాణం మూసి, కూతురితో రైలెక్కాడు. ఆఫీసు బయట చెట్టు కింద మూడు గంటలు నిలబడే ఉన్నాడు.

“మీరు ఆ మాటలు అన్నారా?” అని అడిగాడు అధికారి.

అనలేదని రాసిమ్మని తోటి టీచర్లు ఇద్దరు ముందే సలహా ఇచ్చారు. సాక్షులు పిల్లలే కదా అన్నారు. వైశాలి కాగితం వైపు చూస్తూ, “అన్నాను సార్” అంది.

హెచ్చరికతో వదిలేశారు. ప్రొబేషన్‌లో ఉన్నారు, మళ్ళీ ఇలాంటిది జరిగితే ఉద్యోగం ఉండదు అని రాతపూర్వకంగా ఇచ్చారు. తిరుగు రైల్లో రాధాకిషన్ ఒక్కటే మాట అన్నాడు. “ఇంత పరేషాన్ ఎందుకు బిడ్డా? దుకాణంల కూసో. నీకేం తక్కువ?”

ఆమె మానలేదు. కానీ ఆ తర్వాత బడికి వెళ్ళిన వైశాలి వేరే మనిషి. పీరియడ్‌కు ముందు తలలు లెక్కపెట్టేది, తర్వాత లెక్కపెట్టేది. ఎవరైనా బయటికి పోతే తిరిగొచ్చేదాకా చాక్‌పీసు కదిలేది కాదు. పిల్లలు హోంవర్క్ చేయకపోతే “సరేలే” అనేది. పాఠం మధ్యలో మాట్లాడుకుంటే గొంతు తగ్గించుకునేది. పిల్లలకు ఆ సంగతి వారంలోనే తెలిసిపోయింది. డిసెంబరు పరీక్షలో సగం మంది తప్పారు. భవ్యశ్రీ తెల్ల కాగితం ఇచ్చింది. వైశాలి దాన్ని చూసి, ఆ పిల్ల ముఖం చూసి, ఏమీ అనకుండా కట్టలో పెట్టింది.

సంక్రాంతి సెలవుల తర్వాత పదో తరగతికి సాయంత్రం క్లాసులు మొదలయ్యాయి. ఒకరోజు అందరూ వెళ్ళాక రుచిత బోర్డు తుడుస్తూ నిలబడిపోయింది.

“మేడం, మీకొక మాట చెప్పాలె. ఎవరికీ చెప్పొద్దు.”

“చెప్పు.”

“ఆ రోజు నేను మా నాయిన దగ్గరికి పోదామని బయలుదేరలే. గోతి కాడికే పోయిన.”

వైశాలి కుర్చీ చెయ్యి పట్టుకుంది.

“అంచు మీద మస్తుసేపు కూసున్న. మా నాయిన రాడు, మీరు క్లాసులకు రానియ్యరు, ఇంటికి పోతే అమ్మకు ఏం చెప్పాలె అనుకున్న. చెప్పులు కూడ ఇడిచిన. గప్పుడు మేకలు కాసే చంద్రవ్వ దూరంకెళ్ళి ఒర్రింది. ‘ఎవలే అది, లే, లేకుంటే కట్టెతోని కొడత’ అన్నది. భయమై లేచి ఉరికిన. ఉరుకుతుంటే నాయిన యాదికొచ్చిండు.”

ఆ పిల్ల మామూలుగా, లెక్క చెప్పినట్టు చెప్పింది. మూడు నెలలుగా వైశాలి తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది – ఊరంతా ఊరికే భయపడ్డదని, పిల్ల బస్సెక్కి హాయిగా వెళ్ళిందని. ఇప్పుడు ఆ రెండో గోతి, ఆ కొక్కెం, ఆ బరువు మళ్ళీ కళ్ళ ముందుకు వచ్చాయి.

“ఇప్పుడు గట్లాంటి ఆలోచన వస్తున్నదా రుచితా?” అని అడిగింది.

రుచిత డస్టరు బల్ల మీద పెట్టింది. “ఎప్పుడన్న” అంది. “అమ్మకు మాత్రం చెప్పకుండ్రి మేడం. ఒట్టు.”

వైశాలి ఒట్టు వేయలేదు. ఆ సాయంత్రం ఆటో ఎక్కకుండా నేరుగా లక్ష్మమ్మ ఇంటికి వెళ్ళి, పరమేశ్‌ను కూడా పిలిపించి, అంతా చెప్పింది. ఆ మాట తన నోట్లోంచి వచ్చిందనీ, దానికి తాను సిగ్గుపడుతున్నాననీ కూడా చెప్పింది. లక్ష్మమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని విన్నది. మర్నాడే పాండురంగానికి కబురు వెళ్ళింది. వికారాబాద్ పెద్దాసుపత్రిలో మనసుకు వైద్యం చేసే ఒక డాక్టరమ్మ ఉందని తెలుసుకుని, వారానికొకసారి తల్లీ తండ్రీ కలిసి పిల్లను తీసుకుపోసాగారు. ఆ ప్రయాణాల కోసం పాండురంగం మళ్ళీ ఊరికి రావడం మొదలుపెట్టాడు. పరమేశ్ గని యజమాని వెంటపడితే ఒక గోతి చుట్టూ ముళ్ళకంచె వేశారు. మిగతా రెండూ అలాగే ఉన్నాయి.

రుచిత మాత్రం వైశాలితో మాట్లాడటం మానేసింది. “నమ్మి చెప్పిన. చాటింపు వేసిండ్రు” అని ఒక్కసారి అంది, అంతే. మొదటి బెంచీ వదిలి వెనక్కి పోయి కూర్చుంది. అడిగితే లేచి జవాబు చెప్పేది, గోడకేసి చూస్తూ. వైశాలి భరించింది. పిల్ల కళ్ళెదుట ఉంది, కోపంగా ఉంది, అది చాలనుకుంది.

కానీ భయపడి ఊరుకుంటే పిల్లలకు మేలు జరగదని కూడా అప్పుడే అర్థమైంది. ఫిబ్రవరి నుంచి మళ్ళీ గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది. హోంవర్క్ చేయని పిల్లను పక్కకు పిలిచి, ఇంట్లో ఎవరున్నారు, ఎందుకు చేయలేదు అని అడిగాకే కోప్పడేది. భవ్యశ్రీకి అప్పటికే ఆలస్యమైపోయింది. రోజూ గంట విడిగా కూర్చోబెట్టినా సగం పాఠాలు మిగిలిపోయాయి. మార్చిలో తాండూరు సెంటరులో పరీక్షలు రాశారు. లెక్కల పరీక్ష నుంచి బయటికొస్తూ రుచిత వైశాలిని చూసి తల తిప్పుకుంది. ఆమె వెనకే వచ్చిన భవ్యశ్రీ ఏడుస్తోంది.

ఏప్రిల్ ఆఖర్లో ఒక మధ్యాహ్నం ఫలితాలు వచ్చాయి. వైశాలి దుకాణం వెనక గదిలో ఫోన్‌లో ఒక్కొక్క నంబరే కొట్టి చూసింది. రుచితకు లెక్కల్లో తొంభై ఒకటి. ఇరవై ఐదుగురు పాసయ్యారు. భవ్యశ్రీ ఒక్కతే లెక్కల్లో తప్పింది.

వెంటనే భవ్యశ్రీకి ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్ళీ చేసింది. స్విచాఫ్. తల్లిదండ్రులు ఇటుక బట్టీ పనికి కర్ణాటక వైపు పోయారనీ, పిల్ల నాయనమ్మ జంగమ్మతో ఉంటోందనీ ఇప్పుడు ఆమెకు తెలుసు. జంగమ్మకు ఫోన్ లేదు. పరమేశ్ హైదరాబాద్‌లో పెళ్ళికి వెళ్ళాడు.

“అన్నా, బండి తియ్యి” అంది.

“గీ ఎండలనా? పాగల్ అయినవా?” అన్నాడు రూపేష్. చెల్లెలి ముఖం చూసి తాళంచెవి అందుకున్నాడు.

ఎండకు గనుల తెల్లరాళ్ళు కళ్ళు పొడుస్తున్నాయి. గోతులు దగ్గరికి వస్తున్న కొద్దీ వైశాలి రూపేష్ చొక్కా పిడికిలితో పట్టుకుంది. ఈసారి తల తిప్పుకోలేదు. ఒక్కొక్క అంచూ వెతుక్కుంటూ పోయింది. ఎవరూ లేరు. ఎవరూ లేకపోవడం కూడా భయంగానే ఉంది.

జంగమ్మ గడప బయట కూర్చుని ఉంది. “పొద్దుగాలనే తలుపు ఏసుకున్నది మేడం. అన్నం తినలే. పిలిస్తే పలుకుతలేదు” అంది, అదేదో మామూలు అలక అన్నట్టు.

వైశాలి తలుపు కొట్టింది. “భవ్యా! నేను, మేడంను.” లోపల చప్పుడు లేదు. రెండు చేతులతో బాదింది. “భవ్యా, తలుపు తియ్యి. నేను ఏమనను. తలుపు తియ్యి తల్లీ!” వెనక నుంచి రూపేష్ వచ్చి భుజం ఆనించి తోయబోయాడు.

గొళ్ళెం తీసిన శబ్దమైంది. తలుపు తీసింది భవ్యశ్రీ కాదు, రుచిత.

“ఫోన్‌ల రిజల్ట్ చూడంగనే వెనక తలుపుకెళ్ళి వచ్చిన మేడం” అంది రుచిత. మూడు నెలల తర్వాత నేరుగా ఆమె కళ్ళలోకి చూస్తూ. “ఒక్కదాన్ని ఉంచొద్దని అనిపించింది. ఇప్పుడే నన్ను పట్టుకునే నిద్రపోయింది. ఏడ్చి ఏడ్చి.”

లోపల చాప మీద భవ్యశ్రీ ముడుచుకుని పడుకుని ఉంది. వీపు మెల్లగా లేస్తూ దిగుతూ ఉంది. వైశాలి గడపలోనే కూలబడింది. జంగమ్మ కంగారుపడి చెంబుతో నీళ్ళు తెచ్చింది. సగం తాగి, సగం ముఖం మీద చల్లుకుంది.

“రుచితా, ఆ రోజు నేను గట్ల అనొద్దుండె” అంది. ఇన్నాళ్ళకు.

రుచిత తల వంచుకుంది. వచ్చి గడప మీద ఆమె పక్కన కూర్చుంది.

“సప్లిమెంటరీ జూన్‌ల ఉంటది కదా మేడం?” అని అడిగింది.

“జూన్ మొదట్ల.”

“రోజు మా ఇంటికి రమ్మంట దీన్ని. మీరు కూడ వస్తరా?”

“వస్త” అంది వైశాలి. “రేపు తొమ్మిదింటికి వస్త. మీ అమ్మకు చెప్పు.”